రోమన్ క్రూర చక్రవర్తుల జీవితాలు ఎలా చదవాలి: సూటోనియస్ పుస్తకం మొదటిసారి తెరిచేవాళ్ల కోసం

రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించాడన్న మాట మన దగ్గర ఎంత నలిగిపోయిందంటే, వరదలొచ్చినా కరెంటు కోతలొచ్చినా అవతలి పార్టీవాళ్లు ముందు తీసేది అదే. అసలు ఆ మాట ఎక్కడిది, ఎవరు రాశారు, రాసినవాళ్లు చూసి రాశారా విని రాశారా అని వెతుక్కుంటూ వెళితే కొన్ని పాత పుస్తకాల దగ్గర తేలతాం. వాటిలో అన్నింటికంటే ఎక్కువ చదివించేది సూటోనియస్ లాటిన్‌లో రాసిన పన్నెండుమంది సీజర్ల, అంటే రోమన్ పాలకుల, జీవితాలు. రాసి దాదాపు 1900 ఏళ్లైంది, ఇప్పటికీ చేతిలోకి తీసుకుంటే కింద పెట్టబుద్ధి కాదు. చదవడం తేలికే, సరిగ్గా చదవడానికే కొంచెం పద్ధతి కావాలి.

ఈ కథలన్నీ శత్రువులు కట్టిన అబద్ధాలని కొట్టిపారేసేవాళ్లు కొందరు, ఉన్నదున్నట్టు నమ్మేసి వీడియోలు చేసేవాళ్లు ఇంకొందరు. ఇద్దరూ చేసేది ఒకటే, కష్టమైన భాగాన్ని తప్పించుకోవడం. మీరు మాత్రం ప్రతి కథ దగ్గరా ఆగి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ సంగతి ఇతనికి ఎలా తెలిసింది? కింద నేను చెప్పేదంతా ఆ ప్రశ్నకు జవాబు ఎలా వెతకాలన్నదే.

రచయిత ఎవరో ముందు తెలుసుకోండి

గయస్ సూటోనియస్ ట్రాంక్విలస్ క్రీ.శ. 70 ప్రాంతంలో పుట్టాడు. కాలిగులా చక్రవర్తి హత్య 41లో, నీరో ఆత్మహత్య 68లో. అంటే మనల్ని ఎక్కువ భయపెట్టే ఇద్దరినీ ఇతను కళ్లతో చూడలేదు. చూసిన రోజులంటూ ఉంటే అవి డొమిషియన్ పాలన, 81 నుంచి 96 వరకు, అప్పటికి ఇతను కుర్రాడు. ఈ లెక్క పుస్తకం మొదటి పేజీలోనే పెన్సిల్‌తో రాసుకోండి, చదువుతున్నంతసేపూ పనికొస్తుంది.

అలాగని బజారులో విన్నవి రాసేసిన మనిషి అనుకోకండి. చక్రవర్తి దగ్గర పెద్ద ఉద్యోగాలు చేశాడు. గ్రంథాలయాల బాధ్యత చూశాడు, తర్వాత హేడ్రియన్ చక్రవర్తి ఉత్తర ప్రత్యుత్తరాలు చూసే కార్యదర్శి అయ్యాడు. ఈ ఉద్యోగాల పేర్లున్న శాసనం 1950ల మొదట్లో అల్జీరియాలోని అన్నాబాలో, అంటే పాత హిప్పో రెజియస్‌లో, దొరికింది. పాత దస్తావేజులు, చక్రవర్తులు స్వయంగా రాసిన ఉత్తరాలు ఇతని చేతికి అందేవి. 122 ప్రాంతంలో ఆ ఉద్యోగం పోయింది, మహారాణి సబీనాతో మర్యాద హద్దు దాటి చనువుగా ఉన్నాడన్నది కారణంగా చెప్తారు. అగస్టస్ జీవితంలో ఉత్తరాల ముక్కలు ధారాళంగా వచ్చి, తర్వాతి జీవితాల్లో పలచబడటానికి ఈ ఉద్వాసనే కారణమని చాలామంది పండితులు అనుకుంటారు.

ఏ పుస్తకం, ఏ వరస

ఇంగ్లీషు అనువాదం పట్టుకోవాలి. 1913-14లో లోయెబ్ అనే పాత గ్రీకు, లాటిన్ పుస్తకాల సిరీస్‌లో రోల్ఫ్ చేసిన అనువాదం ఇంటర్నెట్‌లో లాకస్ కర్టియస్ అనే సైట్‌లో ఉచితంగా ఉంది, లాటిన్ మూలం కూడా అక్కడే దొరుకుతుంది. భాష కొంచెం పాతగా ఉంటుంది. డబ్బు పెట్టగలిగితే ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2000లో వేసిన కాథరిన్ ఎడ్వర్డ్స్ అనువాదం కొనండి, నోట్స్ బాగుంటాయి.

మొదటి నుంచి చివరిదాకా వరసగా చదవకండి. జూలియస్ సీజర్ జీవితం ఆరంభం పేజీలు ఎప్పుడో పోయాయి, కథ అతని పదహారో ఏట హఠాత్తుగా మొదలవుతుంది, ఆ వెంటనే అగస్టస్ జీవితం 101 అధ్యాయాలు. కొత్తవాళ్లు అక్కడే ఆగిపోతారు. కాలిగులాతో మొదలుపెట్టండి. అరవై అధ్యాయాలే, అధ్యాయమంటే ఒక పేరా రెండు పేరాలు, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. తర్వాత నీరో, తర్వాత డొమిషియన్. ఆ మూడూ అయ్యాక టైబీరియస్. అక్కడికి వచ్చేసరికి మీకు పద్ధతి అలవాటై ఉంటుంది, టైబీరియస్‌కి ఆ అలవాటు చాలా అవసరం, ఎందుకో కింద చెప్తాను.

పుస్తకం ఎలా కట్టాడో చూడండి

సూటోనియస్ కథ చెప్పడు, ఫైళ్లు పెడతాడు. వంశం, పుట్టుక, చదువు, పదవి, కట్టడాలు, ఆటలు, యుద్ధాలు, తర్వాత తిండి, ఆడవాళ్లు, డబ్బు, కోపం, రూపం, శకునాలు, చావు. ఏది ఏ సంవత్సరంలో జరిగిందన్న పట్టింపు చాలా తక్కువ. కాలిగులా జీవితంలో మొదటి 21 అధ్యాయాలు పొగడదగ్గవో, కనీసం తప్పుపట్టలేనివో. 22వ అధ్యాయం మొదట్లో, ఇంతవరకు చక్రవర్తి గురించి చెప్పాను, ఇక చెప్పాల్సింది రాక్షసుడి గురించి, అని ఒక్క వాక్యంతో తలుపు మూసేస్తాడు. నీరోకి కూడా అలాంటి తలుపే, 19వ అధ్యాయం చివర.

ఆ తలుపు దాటాక ఏం జరుగుతుందంటే, నాలుగేళ్ల పాలనలో అక్కడొకటి ఇక్కడొకటిగా జరిగిన దారుణాలన్నీ ఒకే గదిలో కుప్పపడి, ఆ మనిషి పొద్దున లేస్తే హత్య, రాత్రి పడుకుంటే హత్య అన్నట్టు కనిపిస్తాడు. దీనికి విరుగుడు చాలా మామూలుది. ఒక కాగితం మీద 37, 38, 39, 40, 41 అని అయిదు గడులు గీయండి. చదువుతూ ప్రతి సంఘటననీ ఏ గడిలో పెట్టగలరో చూడండి. కొన్ని వెంటనే కూర్చుంటాయి, ఉదాహరణకి 39లో జర్మనీ సరిహద్దుకి వెళ్లడం, 41 జనవరిలో హత్య. చాలా కథలు ఏ గడిలోనూ కూర్చోవు, ఎప్పుడు జరిగిందో లేదు, ఎవరి ముందు జరిగిందో లేదు, ఎవరికి జరిగిందో పేరు కూడా లేదు. గడుల బయట మిగిలిపోయినవాటి దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఇంకో సంగతి, తలుపుకి ఇటువైపు ఏమున్నాయో కూడా చూడండి, ఎందుకంటే మంచిచెడుల విభజన మనది కాదు, అప్పటి రోమన్ పెద్దమనుషులది. నీరో క్రైస్తవుల్ని శిక్షించాడన్న మాట సూటోనియస్‌లో 16వ అధ్యాయంలో వస్తుంది. అంటే మంచిపనుల జాబితాలో. హోటళ్లలో ఏం వండి అమ్మొచ్చో పెట్టిన నిబంధన పక్కనే, ఒక్క చిన్న వాక్యం. అగ్నిప్రమాదం గురించి అక్కడ ఊసే లేదు. అగ్నిప్రమాదం నేరం వాళ్ల మీదకి నెట్టాడన్నది అదే కాలపు ఇంకో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ చెప్పింది. ఈ ఒక్క వాక్యం దగ్గర కాసేపు కూర్చుంటే, మనం ఎవరి కళ్లతో చూస్తున్నామో నాలుగు వ్యాసాలు చదివినదానికంటే బాగా తెలుస్తుంది.

పక్క మార్జిన్‌లో మూడు గుర్తులు

ఇది అసలు పని. ప్రతి కథ పక్కనా మూడింటిలో ఒక గుర్తు పెట్టండి: చూశాడు, కాగితం, అట.

"చూశాడు" అన్న గుర్తు చాలా తక్కువసార్లు పడుతుంది, పడిన చోట ఒళ్లు జలదరిస్తుంది. డొమిషియన్ 12వ అధ్యాయంలో యూదుల మీద వేసిన పన్ను ఎంత కర్కశంగా వసూలు చేసేవాళ్లో చెప్తూ, నేను కుర్రాడిగా ఉన్నప్పుడు అక్కడే ఉన్నాను, అంటాడు. తొంభై ఏళ్ల ముసలాయన్ని, కిక్కిరిసిన సభలో, సున్తీ అయిందో లేదో అధికారి పరీక్ష చేయించాడు. అంతే, దానిమీద వ్యాఖ్యానం లేదు. రక్తం లేదు, చావు లేదు. నాకైతే పుస్తకంలోని హింసలన్నిటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది ఇదే, ఒక కుర్రాడు అది చూసి ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా మర్చిపోలేదు కాబట్టి.

"కాగితం" అంటే దస్తావేజు చూసి రాసింది. నీరో 52వ అధ్యాయం తీయండి. నీరో పద్యాలు సొంతవి కావని, చుట్టూ చేరిన కవులు తలో చెయ్యి వేసి అతికించినవని టాసిటస్ రాశాడు. సూటోనియస్ ఒప్పుకోడు. నీరో స్వయంగా రాసుకున్న పద్యాలున్న నోటు పుస్తకాలు నా చేతికి వచ్చాయి, ఎన్నో చోట్ల చెరిపి, కొట్టేసి, పైన మళ్లీ రాసి ఉన్నాయి, ఎవరో చెప్తే రాసుకున్నవి అలా ఉండవు, అంటాడు. నీరోని ద్వేషించే పుస్తకంలో నీరో తరపున ఒక సాక్ష్యం! చేతిరాతలో కొట్టివేతలు చూసి ఇది సొంత రచనే అని తేల్చిన మనిషిని మిగతా చోట్ల కూడా పూర్తిగా కొట్టిపారేయలేం. కాలిగులా ఎక్కడ పుట్టాడన్న దాని మీద కూడా ఇలాగే ఇద్దరు పాత రచయితల మాటల్ని తప్పని చూపించి, ప్రభుత్వ పత్రంలో ఆంటియమ్ అనే తీరపట్టణం పేరు ఉందంటాడు. తర్వాత చక్రవర్తి అయిన క్లాడియస్ చిన్నప్పుడు ఇంట్లోవాళ్లు అతన్ని చూసి ఎంత సిగ్గుపడేవాళ్లో చెప్పడానికి అగస్టస్ తన భార్య లివియాకి రాసిన ఉత్తరాలనే ఎత్తి రాశాడు.

మూడోది "అట". పుస్తకంలో చాలా భాగం దీని కిందికే వస్తుంది. అందరికీ తెలిసిన గుర్రం కథే తీసుకుందాం. కాలిగులా తన గుర్రం ఇన్సిటాటస్‌ని కాన్సల్ (రోమ్‌లో ఇద్దరికి ఇచ్చే అత్యున్నత పదవి) చేశాడని క్విజ్ పుస్తకాల్లో కూడా ఉంటుంది. సూటోనియస్ 55వ అధ్యాయం నిదానంగా చదవండి. పందెం ముందురోజు గుర్రం నిద్ర చెడకుండా చుట్టుపక్కల అందరూ నోరు మూసుకోవాలని సైనికుల్ని పంపేవాడట. పాలరాతి శాల, దంతపు తొట్టి, ఊదారంగు దుప్పట్లు, రత్నాల పట్టీ, ఒక ఇల్లు, నౌకర్లు. చివర్న, కాన్సల్ చేయాలని కూడా అనుకున్నాడని చెప్తారు, అని ముగిస్తాడు. చేశాడని లేదు. చేయాలనుకున్నాడు, అది కూడా "చెప్తారు". వందేళ్లు దాటాక కాసియస్ డియో అనే చరిత్రకారుడి దగ్గరికి వచ్చేసరికి, మాటిచ్చాడు, ఇంకొన్నాళ్లు బతికుంటే చేసేవాడే, అని ముదిరింది. మన దగ్గరికి వచ్చేసరికి చేసేశాడు. ఒక "అట" రాలిపోతే కథ ఎంత దూరం వెళ్తుందో దీన్నిబట్టే చూసుకోవచ్చు.

"అట"లలోనూ రకాలున్నాయి, అన్నీ ఒక గాటన కట్టకండి. ఇటలీ తీరంలో బాయే అనే ఊరి నుంచి పుటియోలీ అనే ఊరి దాకా సముద్రం మీద ఓడలు వరసగా కట్టి, మీద మట్టి పోసి, కాలిగులా గుర్రమెక్కి తిరిగాడు. ఎందుకు చేశాడన్న దానికి సూటోనియస్ రెండు మూడు కారణాలు చెప్పి, చిన్నప్పుడు మా తాతగారు చెప్పగా విన్నాను, అని ఇంకొకటి కలుపుతాడు. కాలిగులా చక్రవర్తి అవడం, బాయే అఖాతాన్ని గుర్రాల మీద దాటడం, రెండూ జరిగే పని కాదని జ్యోతిష్యుడు త్రాసిలస్ టైబీరియస్‌తో అన్నాడని, ఆ మాటకి పంతం పట్టి చేశాడని అంతఃపురంలో తిరిగేవాళ్లే చెప్పేవారని తాతగారి మాట. నిజమా కాదా అన్నది పక్కన పెట్టండి. ఈ "అట"కి ఒక మనిషి ఉన్నాడు, ఒక ఇల్లు ఉంది, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో దారి ఉంది. ఓథో చక్రవర్తి జీవితంలో కూడా అంతే, రచయిత సొంత నాన్న సూటోనియస్ లేటస్ ఓథో పోరాడిన అంతర్యుద్ధంలో పదమూడో లీజియన్ అనే సైనిక దళంలో అధికారిగా పనిచేశాడు, ఓథోకి అంతర్యుద్ధమంటే ఎంత అసహ్యమో నాన్న చెప్పగా విన్నానంటాడు. ఊరూ పేరూ లేని "అట" కంటే ఇది నాలుగు మెట్లు పైన.

పక్కవాళ్లు ఏం చెప్పారో చూడండి: నీరో, నిప్పు, ఫిడేలు

క్రీ.శ. 64 జులైలో రోమ్ కాలిపోయింది. సూటోనియస్ 38వ అధ్యాయంలో సందేహమే లేదు, నీరోనే అంటించాడు, అదీ దాపరికం లేకుండా, మైసినాస్ గోపురమెక్కి మంటల అందానికి మురిసిపోతూ, నాటకాల్లో వేసే దుస్తుల్లో, ట్రాయ్ నగర పతనం మీద పాట మొత్తం పాడాడు. ఇప్పుడు టాసిటస్ రాసిన అనల్స్ అనే చరిత్రలో 15వ పుస్తకం తీయండి. నిప్పు అంటుకున్నప్పుడు నీరో రోమ్‌లోనే లేడు, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఆంటియమ్‌లో ఉన్నాడు. వచ్చాక తన తోటలు తెరిచి ఇళ్లు పోయినవాళ్లకి నీడ చూపించాడు, తాత్కాలికంగా పాకలు వేయించాడు, తిండిగింజల ధర తగ్గించాడు. పాడాడన్నది ఒక పుకారు, ఆ పుకారు వల్ల చేసిన మంచి కూడా పనికిరాకుండా పోయింది. ప్రమాదమా కుట్రా అన్నది తేలలేదు, రెండూ రాసినవాళ్లున్నారు, అంటాడు టాసిటస్. ఆయనకి నీరో మీద రవ్వంత ప్రేమ లేదని గుర్తుపెట్టుకోండి, అందుకే ఈ సాక్ష్యానికి బరువెక్కువ. తనకి ఇష్టం లేని మనిషికి పనికొచ్చే సంగతి ఒక రచయిత దాచకుండా రాశాడంటే అది నమ్మదగ్గదే అనుకోండి. ఈ సూత్రం ఒక్కటే చాలా చోట్ల కాపాడుతుంది.

ఫిడేలు సంగతంటారా, యూరప్‌లో వయొలిన్ పుట్టిందే పదహారో శతాబ్దంలో. నీరో వాయించేది కితారా అనే తంత్రీవాద్యం.

కాలిగులా విషయంలో మాత్రం టాసిటస్ సాయం దొరకదు, అనల్స్‌లో ఆ పుస్తకాలు పోయాయి. అప్పుడు ఫిలో దగ్గరికి వెళ్లండి. అలెగ్జాండ్రియా యూదుల పెద్ద, తన ఊళ్లో యూదుల మీద జరిగిన దాడుల గురించి మొరపెట్టుకోవడానికి రోమ్ వచ్చి కాలిగులాని ఎదురుగా చూసిన మనిషి. ఆయన చెప్పిన దృశ్యం ఇది. చక్రవర్తి తోటల్లోని భవంతులు తనిఖీ చేస్తూ గది నుంచి గదికి నడుస్తున్నాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లు పైకీ కిందకీ ఆయన వెనకాలే పరుగులు. మధ్యలో ఆగి హఠాత్తుగా, మీరు పందిమాంసం ఎందుకు తినరు అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. వీళ్లు వాదన మొదలుపెట్టేలోపు ఇంకో పెద్ద గదిలోకి వెళ్లిపోయి, కిటికీలకి గాజులాంటి పారదర్శకమైన రాయి పెట్టించమని పనివాళ్లకి చెప్తున్నాడు. చివరికి, వీళ్లు చెడ్డవాళ్లేమీ కాదు, నన్ను దేవుడని నమ్మలేని దురదృష్టవంతులు, అనేసి పంపించేశాడు.

ఇక్కడ ఎవరూ చావలేదు. అయినా చదువుతుంటే టెన్షన్ వస్తుంది, ఎందుకంటే వేలమంది బతుకు ఒక మనిషి కిటికీల మీద పెట్టిన ధ్యాసకీ ధ్యాసకీ మధ్య వేలాడుతోంది. ఇది చదివాక సూటోనియస్‌లోని విందు కథకి వెనక్కి రండి. కాలిగులా ఉన్నట్టుండి పకపకా నవ్వాడు, పక్కన కూర్చున్న కాన్సల్స్ ఎందుకు నవ్వారని మర్యాదగా అడిగారు, నేను ఒక్కసారి తల ఊపితే మీ ఇద్దరి గొంతులూ ఇక్కడికిక్కడే తెగుతాయి కదా, అదీ నవ్వు, అన్నాడు. పదాలు అచ్చంగా అవేనా అన్నది చెప్పలేం, కానీ ఫిలో చూసిన మనిషికీ ఈ మనిషికీ పోలిక కుదురుతుంది. వేరే వేరే చోట్ల, ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు రాసినదాంట్లో ఒకే స్వభావం కనబడితే, సంఘటన అనుమానమైనా స్వభావం నమ్మొచ్చు. నేను ఈ కథల్ని వదల్లేకపోవడానికి కారణం కూడా ఇదే. చంపినవాళ్ల లెక్క ఏ రాజుల చరిత్రలోనైనా దొరుకుతుంది. అడ్డు చెప్పేవాడు ఒక్కడూ లేని మనిషి అన్నం తింటూ, ఇల్లు బాగుచేయించుకుంటూ, చుట్టూ ఉన్నవాళ్లని ఎలా చూస్తాడన్నది ఇంత దగ్గరగా చూపించినవాళ్లు తక్కువ.

ఎవరికి కోపం, ఎవరికి కాదు

చక్రవర్తి చచ్చిపోయాక ఎవరు ఏడ్చారు, ఎవరు నవ్వారన్న అధ్యాయం ఎప్పుడూ వదలకండి. డొమిషియన్ చివరి అధ్యాయంలో సూటోనియస్ మూడు ముక్కల్లో చెప్తాడు: జనం పట్టించుకోలేదు, సైనికులు కుమిలిపోయారు, రోమ్ పెద్దల సభ అయిన సెనేట్ ఎగిరి గంతేసింది. సెనేటర్లు నిచ్చెనలు తెప్పించి అతని డాళ్లు, బొమ్మలు కళ్లముందే పీకించి నేలకేసి కొట్టించారట. చరిత్ర రాసింది ఎవరు? సెనేటర్లు, వాళ్ల స్నేహితులు. మామూలు సైనికుడు రాసిన చరిత్ర మనకి అందలేదు. నీరో విషయంలోనూ అంతే, ఒకపక్క జనం స్వేచ్ఛ వచ్చిందని, విడుదలైన బానిసలు పెట్టుకునే టోపీలు పెట్టుకుని వీధుల్లో పరుగెత్తారు, ఇంకోపక్క ఎవరో చాలా ఏళ్లపాటు అతని సమాధి మీద పూలు పెడుతూనే ఉన్నారు. చనిపోయిన ఇరవై ఏళ్లకి నేనే నీరోనంటూ ఒకడు బయల్దేరితే రోమ్‌కి తూర్పున ఉన్న పార్థియన్లు అతన్ని గట్టిగా వెనకేసుకొచ్చారు. ద్వేషం ఒక్కటే ఉన్నచోట అలాంటివాడికి ఆదరణ దొరకదు.

ఇంకా ఒకటి చూడాలి. చచ్చిన చక్రవర్తిని తిట్టడం బతికున్న చక్రవర్తిని పొగడటమే. డొమిషియన్ విగ్రహాలు పగలగొట్టడంలో ఎంత ఆనందం ఉందో సెనేటర్ ప్లినీ 100వ సంవత్సరంలో ట్రాజన్ చక్రవర్తి ముందు చేసిన ప్రసంగంలో వర్ణించాడు. ఆ ప్లినీ డొమిషియన్ కాలంలో పదవులు అనుభవించినవాడే. సూటోనియస్‌కి స్నేహితుడు కూడా. టాసిటస్ అయితే తన పదవులు డొమిషియన్ కాలంలోనూ పెరిగాయని స్వయంగా ఒప్పుకున్నాడు. టైబీరియస్ నుంచి నీరో దాకా చరిత్రలన్నీ బతికుండగా భయంతో, పోయాక పచ్చి ద్వేషంతో తప్పుగా రాశారని చెప్పింది కూడా ఆయనే. ఆ వాక్యం అనల్స్ మొదటి పేజీలోనే ఉంది.

టైబీరియస్ దగ్గర జాగ్రత్త

కాప్రి ద్వీపం అధ్యాయాలు, ముఖ్యంగా 43 నుంచి 45 వరకు, చాలా అసహ్యంగా ఉంటాయి. చిన్నపిల్లల మీద అత్యాచారాల వర్ణన ఉంది. చదవలేకపోతే వదిలేయండి, ఏమీ నష్టం లేదు. చదివితే మాత్రం కొన్ని ప్రశ్నలు పట్టుకుని చదవండి: అది మామూలు జనం అడుగుపెట్టలేని ద్వీపం, అతను 26లో రోమ్ వదిలి మళ్లీ తిరిగి రాలేదు, అక్కడ జరిగింది బయటికి ఎవరు మోశారు? పేరున్న సాక్షి ఒక్కడైనా ఉన్నాడా? మూసిన తలుపు వెనకాల ఏం జరుగుతోందో ఊరు ఊహించుకుంటుంది, ఆ ఊహలకి వాడే సరుకు రోమ్‌లో ఎప్పుడూ ఒకటే, తిండి, కామం, రక్తం. అదే టైబీరియస్ తొలి ఏళ్లలో తనకి గుళ్లు కట్టొద్దన్నాడు, పన్నులు పెంచమన్న గవర్నర్లకి, మంచి కాపరి గొర్రె ఉన్ని కత్తిరిస్తాడు గానీ తోలు వలవడు, అని రాశాడు. ఆ మనిషీ ఈ మనిషీ ఒకడే ఎలా అయ్యాడన్నది టాసిటస్‌ని కూడా వేధించిన ప్రశ్న. తేలికగా తేల్చేయకండి.

మన నేలకి ఉన్న నిజమైన లింకు కూడా టైబీరియస్‌తోనే. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో అగస్టస్, టైబీరియస్ ముద్రలున్నవే ఎక్కువ, నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన నాణేల కుప్ప అలాంటిదే. ఆడవాళ్ల రత్నాల కోసం మన డబ్బు పరాయి దేశాలకి పోతోందని టైబీరియస్ 22లో సెనేట్‌కి రాసిన ఉత్తరం టాసిటస్‌లో ఉంది. ఆ నాణెం మీద కనిపించేది గంభీరమైన మొహం, చుట్టూ బిరుదులు. మిర్యాలూ మస్లిన్లూ అమ్మినవాళ్లకి కాప్రి కథలు తెలిసే అవకాశమే లేదు, వాళ్లకి అతను వెండి స్వచ్ఛత.

మట్టిలోంచి వచ్చే సాక్ష్యం

పుస్తకాలతో ఆగొద్దు. కాలిగులా స్నానపు గదులు, భోజనశాలలు, ద్రాక్షతీగలు ఉన్న ఓడలు కట్టించుకున్నాడని సూటోనియస్ రాస్తే అతిశయోక్తి అనిపిస్తుంది. రోమ్ దగ్గర నెమి సరస్సు నీళ్లు తోడించి 1929-32 మధ్య రెండు భారీ ఓడలు బయటికి తీశారు, సీసపు గొట్టాల మీద కాలిగులా పేరుంది. పాపం ఆ ఓడలు 1944లో యుద్ధంలో కాలిపోయాయి. నీరో బంగారు భవనంలో పగలూ రాత్రీ తిరిగే భోజనశాల ఉందన్న మాట కూడా కట్టుకథలాగే ఉండేది, 2009లో రోమ్‌లోని పాలటైన్ కొండ మీద గుండ్రటి కట్టడం ఒకటి బయటపడి, అదే ఇది అయ్యుండొచ్చని తవ్వినవాళ్లు అన్నారు. భవనాలు, డబ్బు, ఆటల దగ్గర సూటోనియస్ నమ్మకస్తుడే. పడకగది దగ్గరే మీ పెన్సిల్ "అట" రాయాలి.

ఆ తర్వాత ఏం చదవాలి

కాసియస్ డియో గ్రీకులో రాశాడు. కాలిగులా, నీరోల గురించి ఆయన చెప్పింది చాలా దూరపు మాట, కానీ రెండో శతాబ్దం చివరి చక్రవర్తి కొమొడస్ దగ్గరికి వచ్చేసరికి ఆయనే సెనేటర్, ప్రత్యక్ష సాక్షి. 192లో కొమొడస్ అరీనాలో ఒక ఆస్ట్రిచ్ పక్షి తల నరికి, ఎడమచేత్తో తల, కుడిచేత్తో రక్తం కారే కత్తి పట్టుకుని సెనేటర్లు కూర్చున్న చోటికి వచ్చాడు. ఒక్క మాట మాట్లాడలేదు, పళ్లికిలించి తల ఆడించాడు, మీకూ ఇదే గతి అన్నట్టు. డియో అంటాడు, మాకు భయం కంటే నవ్వు ముంచుకొచ్చింది, నవ్వితే అక్కడే చంపేసేవాడు, అందుకని నా తలమీద దండలోంచి లారెల్ ఆకులు తెంపి నమలడం మొదలుపెట్టి, పక్కవాళ్లనీ నమలమన్నాను, దవడలు కదులుతుంటే నవ్వు కనబడదు కదా, అని. ఈ కథ పక్కన "చూశాడు" అని పెద్ద అక్షరాలతో రాసుకోండి.

హిస్టోరియా అగస్టా అనే తర్వాతి చక్రవర్తుల జీవితాల పుస్తకం మాత్రం ఆఖరికి ఉంచండి. ఆరుగురు రచయితలు రాసినట్టు పైకి కనిపిస్తుంది, ఒక్కడే ఎవరో నాలుగో శతాబ్దం చివర్లో రాసి ఆరు పేర్లు తగిలించాడని 1889లో డెసావ్ అనే జర్మన్ పండితుడు వాదించాడు, ఇప్పుడు చాలామంది దాన్నే ఒప్పుకుంటారు. మూడో శతాబ్దపు చక్రవర్తి ఎలగబలస్ విందులో పైకప్పు నుంచి పూలు కుమ్మరిస్తే ఊపిరాడక అతిథులు చచ్చిపోయారన్న కథ అందులోదే, 1888లో ఆల్మా-టడెమా అనే చిత్రకారుడు గీసిన బొమ్మ చూసి చాలామంది అది చరిత్రే అనుకుంటారు. అందులో ఎత్తి రాసిన ఉత్తరాలు, దస్తావేజులు చాలావరకు కల్పించినవే. అంటే అక్కడ "కాగితం" గుర్తు కూడా పనిచేయదు, ఉత్తరం కనిపించగానే అనుమానించాలి. సూటోనియస్‌తో చెయ్యి తిరిగాక తీయండి, నీరో నోటు పుస్తకాల అధ్యాయం పక్కన పెట్టుకుని దీన్ని చదివితే తేడా మీకే పట్టుబడుతుంది.